నాడు అమ్ముడుపోనివి, నేడు అపురూపమైనవి

వస్తువు అపురూపమగుటకు రెండు మార్గములు కలవు. చేయువాడు మొదటనే కొద్దిగా చేయుట ఒకటి. అందరికొరకు చేసినను కొనువాడు లేక నిలిచిపోవుట రెండవది. రాజులు చేయించుకొన్న కిరీటములు మొదటి తెగవి. మేము ఈ వ్యాసములో చెప్పబోవు అమెరికా కార్లలో మిక్కిలి అపురూపమైనవి పెక్కు రెండవ తెగవి. ఆనాడు వాటిని కొనుటకు జనము ముందుకు రాలేదు. ఈనాడు వాటిలో ఒక్కదానిని కన్నులార చూచుటకు వందల మైళ్లు ప్రయాణము చేసి వచ్చుచున్నారు. ఈ మార్పు ఎట్లు కలిగినదో, అందులో మనబోటివారు తెలిసికొనదగినది ఏమున్నదో పాఠకులకు విన్నవించుట మా ఉద్దేశము.

ఈ కార్లను అమెరికావారు మజిల్ కార్లు అందురు. మజిల్ అనగా కండ. కనుక కండగల కార్లని మనము చెప్పుకొనవచ్చును. మన పిల్లలకు ఇవి బొత్తిగా తెలియనివి కావు. 2001లో వచ్చిన 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' అను హాలీవుడ్ చిత్రములో ఒక ముఖ్యపాత్రధారి తానును తండ్రియు కలిసి తయారుచేసికొన్న నల్లని కారును నడుపును. అది 1970వ సంవత్సరపు డాడ్జ్ చార్జర్. ఆ కారు పేరు ఎత్తగనే మన యువకులు ఉత్సాహముతో మాటాడుదురు. కాని అట్టి కారు ఎందుకు పుట్టినది, ఎందుకు ఆగిపోయినది అని అడిగినచో తడుముకొందురు. పేరు తెలిసి కథ తెలియకుండుట ఏ విషయములోను మంచిది కాదు.

ముందుగా కండ అనగా ఏమో చూతము. సామాన్యపు మధ్యరకము కారు శరీరము, రెండు తలుపులు, నలుగురైదుగురు కూర్చొను చోటు, మధ్యతరగతివానికి అందుబాటులో ఉండు ధర. లోపల మాత్రము పెద్ద కారులో ఉండవలసిన ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఇంతే సూత్రము. మా రైల్వే భాషలో చెప్పవలెనన్న, గూడ్సుబండిని లాగు ఇంజనును తెచ్చి రెండు పెట్టెల ప్యాసింజరుకు తగిలించినట్లు. మన దేశములో 2014 వరకు తయారైన అంబాసడర్ కారును తలచుకొనుడు. చాలకాలము దాని ఇంజను పరిమాణము ఒకటిన్నర లీటరు. కండగల కార్ల పెద్ద ఇంజనులు ఆరు లీటర్లు మొదలు ఏడున్నర లీటర్ల దాక ఉండెను. అమెరికావారు దీనిని ఘనపు అంగుళములలో లెక్కింతురు. 61 ఘనపు అంగుళములు ఒక లీటరు అని గుర్తుంచుకొన్నచో ముందు వచ్చు అంకెలు బోధపడును.

ఈ ఆలోచన ఒక్కనాట పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1949లో ఓల్డ్స్‌మొబీల్ వారు తేలికైన శరీరములో 303 ఘనపు అంగుళముల క్రొత్త ఇంజనును అమర్చి 'రాకెట్ 88' అను కారును తెచ్చినారు. 1955లో క్రైస్లర్ వారు 300 అశ్వశక్తిగల కారును విడుదల చేసినారు. కాని అది ధనవంతుల బండి. కుర్రవాడు కొనగల ధరలో అంతటి శక్తి రావలెనన్న మరి కొంతకాలము పట్టినది. యుద్ధము ముగిసిన వెంటనే 1946లో పుట్టిన పిల్లలకు 1964లో పదునెనిమిదేండ్లు నిండినవి. వారి చేతిలో జీతమున్నది. పెట్రోలు గాలనుకు, అనగా ఇంచుమించు 3.8 లీటర్లకు, 30 సెంట్ల ప్రాంతముననే దొరకుచుండెను. 1956 నాటి చట్టము ననుసరించి దేశమంతట వెడల్పైన అంతర్రాష్ట్ర రహదారులు పడుచుండెను. కుర్రకారు, చవుక నూనె, తిన్నని బాట, ఈ మూడు కలిసినచోట వేగమునకు గిరాకి పుట్టకుండునా?

ఆ గిరాకిని మొదట పట్టుకొన్నది పాంటియాక్. జనరల్ మోటార్స్ కంపెనీకి అప్పట్లో ఉన్న ఐదు కార్ల విభాగములలో ఇది ఒకటి. 1963 జనవరిలో కంపెనీ పెద్దలు తమ విభాగములేవియు కార్ల పందెముల జోలికి పోరాదని ఉత్తరువు చేసినారు. పందెములలో గెలిచి పేరు తెచ్చుకొన్న పాంటియాక్‌కు ఇది కాళ్లు కట్టివేసినట్లయినది. విభాగపు ప్రధాన ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన సహచరులు బిల్ కాలిన్స్, రస్ గీ ఒక ఉపాయము చేసినారు. టెంపెస్ట్ అను మధ్యరకము కారులో 326 ఘనపు అంగుళముల ఇంజను ఉండెను. పెద్ద కార్లకు వాడు 389 ఘనపు అంగుళముల ఇంజనుకు కూడ బిగింపు చోట్లు అవియే. చిన్నది తీసి పెద్దది పెట్టుట తేలిక పనియే.

పని తేలికయే గాని నిబంధన అడ్డు వచ్చినది. మధ్యరకము కార్లలో 330 ఘనపు అంగుళములకు మించిన ఇంజను ఉండరాదని కంపెనీ నియమము. గుమస్తాగిరి చేయువారము కనుక మాకు ఈ ఘట్టము మిక్కిలి రుచించును. నియమము క్రొత్త కారును గూర్చి చెప్పినదే గాని, పాత కారు కొనువాడు అదనముగా కోరుకొను సామగ్రిని గూర్చి చెప్పలేదు. కనుక పాంటియాక్ వారు దీనిని క్రొత్త కారు అనక, టెంపెస్ట్ కొనువారు 300 డాలర్లకు మించని అదనపు ధర ఇచ్చి తీసికొనగల సామగ్రి జాబితాగా పెట్టినారు. విభాగాధిపతి పీట్ ఎస్టెస్ ఒప్పుకొనినాడు. ఇటలీ దేశపు ఫెరారీ పందెపు కారు నుండి జి.టి.ఓ. అను మూడక్షరములు తెచ్చి పేరు పెట్టినారు. ఐరోపా కార్ల అభిమానులు ఇది పేరు దొంగతనమని గొణిగినారు.

మొదట 5,000 మాత్రమే అమ్ముడుపోవచ్చునని అమ్మకపు శాఖవారు తలచినారు. మొదటి ఏడాది, అనగా 1964లో, 32,450 అమ్మినారు. 1965లో 75,352, 1966లో 96,946. ఫారములో ఒక గడి చూచుకొని దారి వెదకిన ఇంజనీర్లు ఒక యుగమునే ఆరంభించినారని చెప్పవలెను.

ఇక తక్కిన కంపెనీలు ఊరకుండునా? ఫోర్డ్ వారు 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనములో మస్టాంగ్ కారును వెలువరించినారు. దానికి పోటీగా జనరల్ మోటార్స్ వారు 1967 నమూనాలుగా షెవ్రొలె కమారోను, పాంటియాక్ ఫైర్‌బర్డ్‌ను తెచ్చినారు. ఇవి మధ్యరకము కంటె చిన్నవి, సొగసైనవి. కాని వీనిలో కూడ పెద్ద ఇంజనులు దూర్చుటకు ఎక్కువ కాలము పట్టలేదు.

క్రైస్లర్ వారి చేతిలో ఇంకొక ఆయుధమున్నది. దాని పేరు హెమీ. మామూలు ఇంజనులో పెట్రోలు మండు గది ఇరుకుగా ఉండును. హెమీలో ఆ గది అర్ధగోళముగా, కొబ్బరిచిప్ప బోర్లించినట్లుండును. అందుచేత గాలి వచ్చు వాల్వును, పొగ పోవు వాల్వును ఎదురెదురుగా ఏటవాలుగా పెట్టవచ్చును. పెద్దవిగా చేయవచ్చును. గాలి ధారాళముగా ఆడును. మనిషికైనను ఇంజనుకైనను ఊపిరి బాగుగా ఆడిననే కదా బలము! 426 ఘనపు అంగుళముల ఈ ఇంజనుతో 1964 ఫిబ్రవరిలో డేటోనా 500 పందెమును రిచర్డ్ పెట్టీ గెలిచినాడు. రెండవ మూడవ స్థానములు కూడ ఆ ఇంజను కార్లకే దక్కినవి. 1966 నుండి దానిని జనము కొను కార్లలో కూడ పెట్టినారు. కాగితము మీద 425 అశ్వశక్తి అని వ్రాసినారు. నిజమునకు అంతకంటె ఎక్కువేనని తెలిసినవారందరు ఒప్పుకొందురు.

1968లో ప్లిమత్ వారు మరల చవుక ధరకు మరలినారు. హంగులు తగ్గించి, ఇంజను మాత్రము పెద్దదిగా ఉంచి, 2,900 డాలర్లలోపు ధరకు 'రోడ్ రన్నర్' అను కారు చేసినారు. బొమ్మల సినిమాలో పరుగెత్తు పక్షి పేరు అది. ఆ పేరు వాడుకొనుటకు వార్నర్ బ్రదర్స్ వారికి 50,000 డాలర్లు ఇచ్చి, హారను కూడ ఆ పక్షి కూతవలె పలుకునట్లు చేయించినారు. అది విరివిగా అమ్ముడుపోయినది.

పందెముల పిచ్చి 1969, 70 సంవత్సరములలో పరాకాష్ఠ నందినది. డాడ్జ్ వారి చార్జర్ డేటోనా కారుకు ముందు గ్రద్దముక్కు వంటి కొన, వెనుక దాదాపు రెండడుగుల ఎత్తున రెక్క. పందెములో పాల్గొనవలెనన్న కనీసము 500 కార్లు జనమునకు అమ్మకమునకు పెట్టవలెనని నియమము కనుక 503 చేసినారు. 1970 మార్చి 24న బడ్డీ బేకర్ అను పందెగాడు టాలడేగా బాటపై అట్టి కారును గంటకు 200 మైళ్లకు మించి నడిపినాడు. అనగా 322 కిలోమీటర్లు. మూసిన బాటపై ఆ జాతి కారు అంత వేగము చూపుట అదే మొదటిసారి. ప్లిమత్ వారు కూడ 1970లో సూపర్‌బర్డ్ అను రెక్కల కారును చేసినారు. అవి 1,900కు పైగా తయారైనవి.

ఈ వేగమునకు అసలైన రంగస్థలము పందెపు బాట కాదు, ఊరి వీధి. డెట్రాయిట్ నగరము నుండి పాంటియాక్ అను పట్టణము వరకు వుడ్‌వర్డ్ అవెన్యూ అను వెడల్పైన బాట కలదు. ఇందులో ఒక మైలు ముక్క 1909లో కాంక్రీటు వేసినది. అమెరికాలో కాంక్రీటు పరచిన మొదటి మైలు రహదారి అదే. శనివారము రాత్రులు కుర్రవాండ్రు ఒక దీపస్తంభము నుండి మరొక దీపస్తంభము వరకు పందెము వేసుకొనువారు. కంపెనీల ఇంజనీర్లు కూడ చాటుగా తమ క్రొత్త బండ్లను అక్కడకు తెచ్చి పరీక్షించువారు.

ఇంతవరకు కార్ల మాట. వానిని చేసిన చేతుల మాట కూడ చెప్పనిచో చరిత్ర సగమే యగును. డెట్రాయిట్ నడుమ హామ్‌ట్రామిక్ అను చిన్న పట్టణము కలదు. అందులో డాడ్జ్ మెయిన్ అను బ్రహ్మాండమైన కర్మాగారము ఉండెను. పోలండ్ నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు ఆ పట్టణమును నింపినవి. తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రముల నుండి నల్లజాతివారు వేలకువేలుగా డెట్రాయిట్‌కు వలస వచ్చి ఇట్టి కర్మాగారములలో చేరినారు. పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచినవారి సంగతి మన సంఘ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1968 మే నెలలో అసెంబ్లీ లైను వేగము మితిమీరినదని డాడ్జ్ మెయిన్ కార్మికులు పని ఆపివేసినారు. శిక్షలు నల్లజాతివారికే ఎక్కువగా పడినవని వారు కొందరు డి.ఆర్.యు.ఎం. అను ప్రత్యేక సంఘము స్థాపించుకొన్నారు. కారు వేగమును చూచి లోకము మురిసినది. ఆ కారును చేయు లైను వేగమునకు మనుష్యులు నలిగినారు. నేడు కోట్ల ధర పలుకు బండ్లు కొన్ని ఆ లైను మీదనే బోల్టు బిగించబడినవి.

బాటలమీద కూడ నష్టము తక్కువ కాదు. 1965లో రాల్ఫ్ నాడర్ అను న్యాయవాది కార్ల కంపెనీలు ప్రాణరక్షణను లెక్కచేయుట లేదని 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' అను గ్రంథము వ్రాసినాడు. 1966లో అమెరికా బాటలపై చనిపోయినవారు 50 వేలకు పైగా. ఆ ఏడే కేంద్ర రక్షణ చట్టము వచ్చినది. కండగల కార్లలో ఒక పెద్ద లోపము ఉండెనని వాని అభిమానులే చెప్పుదురు. పరుగెత్తుటకు పెట్టిన శ్రద్ధ ఆగుటకు పెట్టలేదు. 1964 జి.టి.ఓ. నాలుగు చక్రములకును చిన్న డ్రమ్ము బ్రేకులే. మెచ్చుకొనువారు ఈ మాట దాచరాదు.

ఇక పతనము. మొదటి దెబ్బ కొట్టినది ప్రభుత్వము కాదు, ఇన్సూరెన్సు కంపెనీలు. పెద్ద ఇంజను కారు కొన్న చిన్న వయసువానికి ప్రీమియము విపరీతముగా పెంచినారు. కారు వాయిదాతో సమానముగా ప్రీమియము కట్టలేక కుర్రవాండ్రు వెనుకంజ వేసినారు. 1970 ఆఖరున గాలి కాలుష్యమును అరికట్టు చట్టము వచ్చినది. సీసము లేని పెట్రోలుకు సరిపడునట్లు 1971 నమూనాలలో జనరల్ మోటార్స్ వారు ఇంజనుల నొక్కుడు తగ్గించినారు. బలము తగ్గినది. హెమీ ఇంజను 1971తో ఆగిపోయినది. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు నూనె పంపుట ఆపివేయగా పెట్రోలు బంకుల వద్ద బారులు తీరినవి. 1974 జనవరిలో దేశమంతట గంటకు 55 మైళ్ల పరిమితి విధించు చట్టముపై సంతకమైనది. 1974లో జి.టి.ఓ. కార్లు 7,058 మాత్రమే తయారై ఆ పేరు అంతటితో నిలిచిపోయినది. పుట్టుక నుండి ఆగిపోవుట వరకు పదేండ్లే.

ఇప్పుడు మేము మొదట చెప్పిన మాటకు వత్తుము. ఈ పదేండ్లలో లక్షలకొలది అమ్ముడుపోయిన కార్లను అపురూపము అనలేము. అపురూపమైనవి ఏవనగా, డీలరు గుమ్మములో ఎండకు ఎండి వానకు తడిసినవి.

ఇల్లినాయి రాష్ట్రములో లా హార్ప్ అను చిన్న ఊరు కలదు. అక్కడ ఫ్రెడ్ గిబ్ అను షెవ్రొలె డీలరు ఉండెను. పందెములకు పనికివచ్చు 427 ఘనపు అంగుళముల అల్యూమినియం ఇంజనును కమారోలో పెట్టి ఇచ్చినచో తాను 50 కార్లు తీసికొందునని 1969 నమూనాకు ఆయన ఆర్డరు వ్రాసినాడు. దానిపేరు జడ్.ఎల్. 1. కార్లు వచ్చినవి. వెంట బిల్లు కూడ వచ్చినది. ఇంజనుకే 4,000 డాలర్లకు పైగా అదనము! కారు మొత్తము 7,000 దాటినది. అప్పటి మామూలు కమారో ధరకు అది రెండింతలకు మించినది. చిన్న ఊరి డీలరు 50 కార్లను ఎవరికి అమ్మును? 37 కార్లను కంపెనీ వెనుకకు తీసికొని ఇతర డీలర్లకు పంచవలసి వచ్చినది. అన్ని డీలర్లకు కలిపి మొత్తము 69 మాత్రమే తయారైనవి. కొన్ని అమ్ముడుపోవుటకు ఏండ్లు పట్టినవి. నేడు ఆ 69లో ఒక్కొక్కదాని జాతకమును పురాణమువలె చెప్పువారు కలరు.

హెమీ ఇంజనుగల ప్లిమత్ బరాకుడా కార్లను ముద్దుగా 'హెమీ కుడా' అందురు. వీనిలో పైకప్పు మడుచుకొను రకము 1970లో 14, 1971లో పన్నెండుకు మించలేదు. ఇంజను ధర అధికము, ఇన్సూరెన్సు అధికము, కప్పు లేని కారుకు ఆదరణ స్వల్పము. అందుచేత అడిగినవారు లేరు. 1971 నాటి అట్టి కారు ఒకటి 2014లో సియాటిల్ వేలములో 35 లక్షల డాలర్లకు పోయినది. 1971 జి.టి.ఓ. జడ్జి అను రకములో కప్పు మడుచుకొనునవి 17 మాత్రమే. రెక్కల సూపర్‌బర్డ్ కార్లను చూచి జనము నవ్వగా, కొందరు డీలర్లు రెక్క ఊడదీసి, ముక్కు మార్చి మామూలు కారుగా చేసి వదిలించుకొన్నారు. నేడు ఆ రెక్కయే ఆ కారుకు కిరీటము.

నూనె కరువు తరువాత ఈ బండ్లు పాతసామానుగా పోయినవి. పలువురు చేతులు మారి, తుప్పు పట్టి, ఇంజను ఊడి, పశువుల కొట్టములలో చేరినవి. 1968 నాటి 'బుల్లిట్' చిత్రములో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆకుపచ్చ మస్టాంగ్‌ను 1974లో ఒక సామాన్య గృహస్థు 6,000 డాలర్లకు కొన్నాడు. ఆ యింటివారు దానిని నిత్యము పనికి పోవు కారుగా వాడుకొన్నారు. 1977లో మెక్వీన్ స్వయముగా ఉత్తరము వ్రాసి అడిగినను అమ్మలేదు. తరువాత అది చాలకాలము కదలక ఇంట పడియుండెను. అదే కారు 2020 జనవరిలో ఫ్లారిడా వేలములో వేలము రుసుముతో కలిపి 37 లక్షల డాలర్లకు పైగా పలికినది. గీతలు, నొక్కులు ఏవియు బాగుచేయకయే దానిని చూపినారు. ఆ మచ్చలే దాని సాక్ష్యములని అభిమానుల మాట.

ఈ అభిమానులు ఎవరు? 1960లలో కొనలేక అద్దములలోనుండి చూచిన కుర్రవాండ్రు పెక్కుమంది. వయసు మళ్లి, పిల్లలు స్థిరపడి, చేతిలో రొక్కము నిలిచిన తరువాత చిన్ననాటి కోరికను వెదకికొనుచు పోయినారు. ధర పెరిగినది. ధర పెరుగగనే మోసము కూడ వచ్చినది. మామూలు ఆరు సిలిండర్ల కారుకు పెద్ద ఇంజను పెట్టి, పేరు పలకలు అతికించి, అపురూపపు బండియని అమ్ముట మొదలైనది. కంటికి రెండును ఒక్కటే. మరి నిజమేదో, నకిలీ ఏదో తేల్చునది ఎవరు?

తేల్చునది కాగితము. మా బోటివారికి సంతోషము కలిగించు ఘట్టము ఇదియే. ఆనాటి ప్రతి కారుకు ఒక సంఖ్య ఉండెను. పెక్కింటిలో అక్షరములు, అంకెలు కలిపి పదమూడు. ఉదాహరణకు 1971 ప్లిమత్ కారుపై 'బి.ఎస్. 27 ఆర్. 1 బి.' అని ఉన్నదనుకొనుడు. మొదటి అక్షరము బరాకుడా అని, రెండవది కారు తరగతి అని, 27 అనగా కప్పు మడుచుకొనునదని, ఆర్ అనగా 426 హెమీ ఇంజనని, 1 అనగా 1971 అని, చివరి బి అనగా హామ్‌ట్రామిక్‌లో తయారైనదని అర్థము. తరువాతి ఆరంకెలు వరుస సంఖ్య. మన దేశములో గూడ్సు వాగను మీద పదకొండు అంకెలు చూచి అది ఏ రకము, ఏ రైల్వేది, ఏ యేట చేసినది అని చెప్పినట్లే, తెలిసినవాడు ఈ సంఖ్య చూచి కారు వంశవృక్షము చెప్పగలడు. ఇంజను మీద, గేర్ల పెట్టె మీద అదే సంఖ్య తాలూకు ముద్ర ఉన్నచో పుట్టిననాటి ఇంజనే అని రుజువు. సంఖ్యలు కలిసిన కారుకు, కలియని కారుకు ధరలో ఆకాశమునకు భూమికి ఉన్నంత భేదము.

ఇంకొక కాగితము కలదు. ఏ కారుకు ఏ ఇంజను, ఏ రంగు, ఏ సీటు బిగించవలెనో లైను మీది పనివారికి తెలుపు పట్టిక అది. పని అయిన తరువాత దానితో ఎవరికి పని? పారవేయుటకు బదులు కొందరు దానిని సీటు స్ప్రింగుల నడుమ దోపినారు, కొన్ని పెట్రోలు ట్యాంకు మీద ఉండిపోయినవి. అరువదేండ్ల తరువాత సీటు విప్పి చూచినవారికి, ఎలుకలు కొరికి నూనె మరకలు పడిన ఆ చీటి నిధివలె దొరకుచున్నది. ఒక పేరు తెలియని పనివాని చేయి దానిని అక్కడ ఉంచినది. లక్షల డాలర్ల వ్యవహారము నేడు ఆ చీటి మీద నిలిచి యున్నది.

కంపెనీల లెక్కలలోను ఈ భేదమే కానవచ్చును. ఫోర్డ్ వారి 1967 మొదలైన ఉత్పత్తి లెక్కలు నిలిచినవి. పాంటియాక్ పత్రములు నిలిచినవి. షెవ్రొలె విషయములో కెనడాలో అమ్మినవానికి కెనడా శాఖ లెక్క దాచినది గాని, అమెరికాలో అమ్మినవానికి అట్టి పూర్తి పట్టీ లేదు. అందుచేత ఒకే యేటి రెండు కార్లలో ఒకదాని యజమాని నిశ్చింతగా నిద్రపోవును, రెండవదాని యజమాని సాక్ష్యముల కొరకు తిరుగుచుండును. రికార్డు దాచినవాడు చేసిన మేలు ఎవరికి చేసినదో వానికే తెలియదు.

ఇప్పుడు ఈ కార్ల పుట్టిల్లు చూడబోయినచో ఏమి మిగిలినది? డాడ్జ్ మెయిన్ 1980 జనవరిలో మూతపడినది, తరువాత కూల్చివేసినారు. ఆ స్థలమున, ప్రక్కన పోల్ టౌన్ అను పేట ఇండ్లు కూడ ఖాళీ చేయించి, జనరల్ మోటార్స్ వారు క్రొత్త కర్మాగారము కట్టినారు. ప్లిమత్ పేరు 2001లో, ఓల్డ్స్‌మొబీల్ 2004లో, పాంటియాక్ 2010లో అంతరించినవి. తల్లిదండ్రులు పోయి బిడ్డలు మాత్రము మిగిలినట్లు కార్లు మిగిలినవి. పాత పేర్లతో వచ్చిన క్రొత్త కండకార్లలో డాడ్జ్ చాలెంజర్ కూడ 2023 డిసెంబరులో ఆగిపోయినది. విద్యుత్తు కార్ల కాలము వచ్చినది.

అయినను ప్రతి ఆగస్టు మూడవ శనివారము వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లు వేలకొలది బారులు తీరి మెల్లగా నడచును. 1995లో ఒక ఫుట్‌బాల్ మైదానమునకు చందా కూడబెట్టుటకు చిన్నగా మొదలుపెట్టిన పండుగ అది. ఒకనాడు పందెములు వేసిన బాట మీదనే నేడు తాతలు మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఎడ్లబండి నడకను నడపుచున్నారు. డెట్రాయిట్ పరిసరములలో మన తెలుగువారు కార్ల కంపెనీలలో ఇంజనీర్లుగా పలువురు స్థిరపడి యున్నారు. ఆ బాట వారి పిల్లలకు ఇప్పుడు సొంత ఊరి బాట.

వేగమును పొగడుట కొరకు మేము ఈ వ్యాసము వ్రాయలేదు. ఈ కార్లు నూనెను మంచినీళ్లవలె త్రాగినవి, ప్రాణములు తీసినవి, చేసినవారిని అలయించినవి. అయినను వీనిని ప్రేమించువారిలో మేము గౌరవించునది ఒక్కటి కలదు. నిజమైన అభిమాని ధర అడుగుటకు ముందు సంఖ్య అడుగును. తన కారు నకిలీయని తేలినను దాచక చెప్పును. మచ్చలను కప్పిపుచ్చడు. వస్తువు మీది మమకారమును సత్యము మీది మమకారముగా మార్చుకొన్నవాడే దానికి తగిన యజమాని.

స్వస్థలము విడిచి తరతరములుగా పరరాష్ట్రమున ఉన్న మన యిండ్లలోను పెట్టెల అడుగున కాగితములు కలవు. తాతగారి మొదటి జీతపు చీటి, ఇంటి అద్దె రసీదు, సంఘము తొలి సమావేశపు కరపత్రము, పాఠశాలకు ఇచ్చిన చందా పుస్తకము. నేడు వానిని అడుగువారు లేరు. లా హార్ప్ ఊరిలో ఆ కార్లను కూడ ఆనాడు అడిగినవారు లేరు. ఈ ఉగాదికి ఇల్లు దులుపునప్పుడు అట్టి కాగితము ఒకటి చేతికి తగిలినచో, పారవేయక, దాని వెనుక తేది, పేరు వ్రాసి, మరల పెట్టెలో ఉంచుడని మా మనవి. పాఠకులందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.